ఒక టీకి ఏడు నిమిషాలు

సామాజిక సర్వే విభాగం సంచాలకుల సముఖమునకు,

తూనికలు, కొలతల శాఖలో పరిశీలకుడిగా పనిచేసి విరమించినవాడు సమర్పించుకొను అర్జీ.

విషయం: 37వ నంబరు ఎన్యూమరేటరు నింపిన 180 ఫారాలు కల్పితాలన్న తీర్మానమును రద్దు చేయవలసినదిగా కోరుట గురించి.

అయ్యా,

1. తమ కార్యాలయపు సంజాయిషీ నోటీసు రెండు వారాల కిందట సోమవారం మా ఇంటికి చేరినది. "మీరు నింపిన ఫారాలు కల్పితములని ఎందుకు భావించరాదో పదిహేను రోజులలోగా స్వయంగా హాజరై తెలుపవలెను" అని అందులో ఉన్నది. 37వ నంబరు ఎన్యూమరేటరు నా భార్య. ఆమె చనిపోయి నాలుగు నెలలైనది. స్వయంగా హాజరగుట సాధ్యపడదు. కావున నేను హాజరైతిని.

2. తమ విశ్లేషణ విభాగం అధికారి గారు రెండో అంతస్తులో ఉంటారు. ఫ్యాను గాలికి ఫైళ్లు ఎగరకుండా వాటి మీద మరికొన్ని ఫైళ్లు పెట్టుకున్నారు. మా సంభాషణ ఇది:

"ఆవిడే రావాలండీ. రూలు."

"ఆవిడ లేదండీ. చనిపోయింది."

ఆయన ఫైలులో ఒక పేజీ తిప్పారు. "మరి సంజాయిషీ మీద సంతకం ఎవరు పెడతారు?" అన్నారు. అన్నాక ఆయనకే ఏదోలా అనిపించినట్టుంది. లేచి వెళ్లి పక్క గదిలోంచి నాకు కుర్చీ తెచ్చారు. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. ఆ సంగతి ఫిర్యాదుగా రాయడం లేదు.

3. అభియోగం ఏమిటో ఆయన ఓపికగా వివరించారు. ఫారంలో పద్నాలుగో ప్రశ్న: "ఇరుగుపొరుగు వారితో రోజుకు ఎన్ని నిమిషాలు మాట్లాడతారు?" జవాబుల చివరి అంకెలను లెక్కపెట్టారు. 180 ఫారాల్లో సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక్కో అంకె సుమారు పద్దెనిమిది సార్లు రావాలని తమ విభాగం అంచనా. నా భార్య ఫారాల్లో ఏడు 84 సార్లు వచ్చింది. నాలుగు 41 సార్లు. ఒకటి 19. తక్కిన ఏడు అంకెలూ కలిపి 36. దీనికి కై-స్క్వేర్ పరీక్ష పెట్టారు. అనుకున్న సంఖ్యకూ వచ్చిన సంఖ్యకూ ఉన్న తేడా మామూలుగా వచ్చేదేనా, మితి మీరినదా అని తేల్చే పరీక్ష అది. పట్టికలో హద్దు 16.9. నా భార్యకు 341.3 వచ్చింది.

"మనిషి ఇంట్లో కూర్చుని కల్పించి రాస్తే ఏడే ఎక్కువ పడుతుందండీ. కావాలంటే చూడండి, పది లోపు ఒక అంకె చెప్పండి," అన్నారు అధికారి గారు.

"నాలుగు," అన్నాను.

"మీరు వేరులెండి," అన్నారు.

ఈ నెలాఖరున ఫారాలన్నీ చించివేసి, నివేదిక చివర ఎన్యూమరేటర్ల జాబితాలో ఆమె పేరు ఎదుట 'కల్పితం' అని అచ్చు వేస్తారని కూడా ఆయనే తెలిపారు.

4. నేను డిగ్రీలో గణాంకశాస్త్రం చదివాను. ఉద్యోగమంతా తక్కెడల ముల్లు చూశాను. తమ లెక్కను ఇంట్లో రెండుసార్లు వేసుకున్నాను. 341.3 సరిగ్గానే ఉంది. దానితో నాకు తగువు లేదు.

అయితే ఆ పరీక్ష చెప్పేది ఒక్కటే. ఈ అంకెలు అన్నీ సమానంగా వచ్చే రకం కావు అని. ఎందుకు కావో చెప్పదు. ముల్లు ఒరిగితే తక్కెడలో తేడా ఉందని తెలుస్తుంది. కొట్టువాడు దొంగ అని తెలియదు. పళ్లెం కింద చింతపండు అంటుకుని ఉండవచ్చు. నేను అటువంటివి చాలా చూశాను.

5. చింతపండు ఇక్కడ టీ.

నా భార్య తిరిగిన వీధుల్లో గడియారం చూసుకుని కబుర్లు చెప్పుకునేవారు తక్కువ. ఆ కొద్దిమందికీ వారు చెప్పిన నిమిషాలే రాసింది. తక్కినవారిని ఎంతసేపు మాట్లాడతారమ్మా అని అడిగితే "ఏముందీ, ఒక టీ తాగేంతసేపు" అన్నారు. తీరిక ఉన్నవారు రెండు టీలన్నారు. మూడో ఇంటి బామ్మగారు మూడన్నారు. తమ శిక్షణ పుస్తకం ప్రకారం జవాబు నిమిషాల్లోనే ఉండాలి. 'సుమారు' అని రాయరాదు. కాబట్టి ఆమె ఒక టీకి ఏడు, రెండింటికి పద్నాలుగు, మూడింటికి ఇరవై ఒకటి వేసింది. ఏ ఫారానికి ఆ ఫారం మార్జిన్‌లో '1 టీ', '2 టీ' అని రాసి పెట్టింది.

మార్జిన్‌లో రాసినవి కంప్యూటరులోకి ఎక్కించరాదని తమ విభాగంలో నియమం. ఫారాలు ఎక్కించిన అమ్మాయిని అడిగాను.

"చూశాం సార్. ఇన్ని ఫారాల మీద టీ అని ఉంటే, ఆ ఇంట్లో మేడంగారికి టీ ఇచ్చారేమో, గుర్తుగా రాసుకున్నారేమో అనుకున్నాం. రెండని ఉన్న ఇళ్లు మంచివాళ్లవి అని మేం నవ్వుకున్నాం కూడా," అన్నది. పాపం, ఆ అమ్మాయి తప్పేమీ లేదు.

6. ఏడు ఎక్కడిది అని తాము అడగవచ్చు. బల్ల సొరుగులో ఆమె నోటుపుస్తకం దొరికింది. ప్రతి జత చేశాను. సర్వే మొదలైన నాటి నుంచి పది రోజులు వరసగా నా చేత టీ తాగించి, చేతి గడియారం చూసి రాసుకుంది: 6, 7, 8, 7, 7, 6, 8, 7, 7, 7. సగటు ఏడు.

"తొందరగా తాగకండి. మామూలుగా తాగండి," అనేది.

"నువ్వలా చూస్తుంటే మామూలుగా ఎలా తాగను?"

"అయితే నన్ను చూడకండి. గోడ మీద కాకిని చూడండి."

ఆ పది కొలతల్లో కనీసం రెండు కాకిని చూస్తూ తీసినవి. ఏవో పుస్తకంలో గుర్తు పెట్టలేదు.

7. ఒక్క మనిషిని కొలిచి వీధి మొత్తానికి వర్తింపజేయడం శాస్త్రం ఒప్పదు. అందునా భర్తను. ఈ లోపం ఒప్పుకుంటున్నాను. సరిచేయడానికి గత శని, ఆదివారాల్లో అవే వీధుల్లో పన్నెండు ఇళ్లకు వెళ్లి, ఇంటివారితో కూర్చుని పన్నెండు టీలు తాగాను. చీటీలు వేసి ఇళ్లను ఎంచుకున్నాను.

బామ్మగారి ఇల్లు చీటీలో వచ్చింది. "గడియారం పట్టుకుని టీకి వచ్చావేం నాయనా, పరుగు పందెమా? నీ పెళ్లాం చేతికీ ఉండేది గడియారం. ఒక్కసారి చూసిన పాపాన పోలేదు," అన్నది. టైలరు దగ్గర మాటల్లో పడి టీ చల్లారింది. "ఇది లెక్కలోకి వస్తుందా సార్?" అని దిగులుపడ్డాడు. వస్తుందన్నాను. తొమ్మిది నిమిషాలు వచ్చింది అక్కడే.

పన్నెండింటి సగటు 7.17. ఏడు నుంచి ఇది నిజంగా వేరా అని టి-పరీక్ష చేశాను. 0.62 వచ్చింది. హద్దు 2.20. వేరని చెప్పడానికి ఆధారం లేదు. ఆదివారం నిద్ర పట్టలేదు. దానికి పరీక్ష అక్కర్లేదు.

8. ఆమె 180 ఇళ్లకూ నడిచే వెళ్లింది. తాళం ఉన్న ఇంటికి మూడేసి సార్లు వెళ్లింది. ఆఖరి ఫారం ఇచ్చిన మూడు వారాలకు ఆసుపత్రిలో చేరింది. చెప్పుల మడమలు లోపలివైపు అరిగి ఉన్నాయి. అవి ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయి. అవసరమైతే తేగలను.

కావున తమరు దయతో

(అ) ఫారాలు చించకుండా ఆపి, మార్జిన్‌లో ఉన్నది కూడా చదివించవలెను. జవాబులను నిమిషాల్లో కాక టీలలో లెక్కిస్తే ఒకటి, రెండు, మూడు అని చక్కగా వస్తాయి;

(ఆ) జాబితాలో ఆమె పేరు ఎదుట 'కల్పితం' అన్న మాట తీసివేయవలెను. ఇంకేమీ రాయనక్కరలేదు. పేరు చాలు;

(ఇ) ఈ అర్జీకి సమాధానం ఆమె పేరు మీద పంపినా నాకు అభ్యంతరం లేదు. మొన్న నోటీసు తెచ్చిన పోస్టుమ్యాన్ గేటు దగ్గర ఆ పేరు గట్టిగా పిలిచాడు.

ఇదంతా తమరు చిత్తగించి, నెలాఖరులోగా న్యాయం చేయవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
37వ నంబరు ఎన్యూమరేటరు భర్త

జతపరచినవి: నోటుపుస్తకం ప్రతి ఒకటి, పన్నెండు ఇళ్ల కొలతలు, లెక్కల కాగితాలు మూడు (ఒకదాని మీద టీ మరక కలదు. మన్నించవలెను).

తా.క. కొలతల శాఖలో పనిచేసినవాడిని. అనుకూలమైన కొలత చూపి, తక్కినది దాచలేను. ఇళ్లకు వెళ్లడానికి ముందు పది రోజులు మా ఇంట్లోనే, అదే కప్పుతో, అదే కుర్చీలో, ఒక్కడినే తాగి చూశాను: 4, 3, 3, 4, 3, 3, 2, 3, 3, 2. సగటు మూడు. ఆమె తీసిన పదింటితో పోల్చి టి-పరీక్ష చేస్తే 13.4 వచ్చింది. హద్దు 2.10. తేడా గట్టిదే.

ఇందువల్ల ఆమె లెక్కకు భంగం లేదు. పద్నాలుగో ప్రశ్న ఇద్దరు కూర్చుని తాగే టీ గురించి. టీ తాగడానికి మూడు నిమిషాలే పడుతుంది. తక్కిన నాలుగు నిమిషాలూ ఆవిడ ఆ రోజు తిరిగిన ఇళ్ల సంగతులు చెప్పేది. నేను గడియారం ఆగిందా అని అడిగేవాణ్ని. ఆగలేదు, మీరు తాగండి అనేది.

ఆ నాలుగు నిమిషాలు రాయడానికి తమ ఫారంలో ఏదైనా గడి ఉంటే తెలియజేయగలరు. లేకపోతే మార్జిన్‌లో రాసుకుంటాను.