రాతికట్టు వెంట

యాకుత్‌పురా,
జూన్ 2003

ప్రియమైన అమ్మకు,

నీ బిందు నమస్కరించి రాస్తున్నది. నాకు ఉద్యోగం వచ్చింది. మునిసిపల్ ఆఫీసులో, వరద నీటి కాలువలు చూసే విభాగంలో ట్రైనీ ఇంజనీరు. బీటెక్ చదివి మురికి నాలాల వెంట తిరగడమేమిటని మామయ్య విసుక్కుంటాడు, విసుక్కోనీ. కంచన్‌బాగ్‌లో ల్యాబు ఉద్యోగానికి పిలిచినా ఎందుకు పోలేదో నీకొక్కదానికే చెబుతున్నాను. నాకు ప్రకాశం గోదాం కూలడం కావాలి.

అంజన్ పోయిన వరదప్పుడు నేను వరంగల్ హాస్టల్లో ఉన్నాను. వచ్చేసరికి తమ్ముడికి తెల్లబట్ట కప్పేశారు. నాలా మీద బండలు పరిచి ప్రకాశం టెంట్‌హౌస్ గోదాం కట్టుకోబట్టే నీళ్ళు మన గల్లీలోకి తిరిగాయని, అడ్డంపడ్డ చెత్త లాగబోయి వాడు ఆ గోదాం కిందే ఇరుక్కున్నాడని నువ్వే చెప్పావు. ఆ మనిషే వాడి దినాలకు షామియానా, కుర్చీలు ఊరికే పంపి మంచివాడనిపించుకున్నాడు. ఆ కుర్చీల్లో కూర్చునే మనవాళ్ళు అన్నం తిన్నారు. బాపు ఆ దిగులుతోనే పోయాడు, నువ్వు ఈ ఇంట్లో ఉండలేక జనగామలో మామయ్య దగ్గరికి చేరావు.

అతని వంట డేగిసాలు, టెంట్ల ఇనుపరాడ్లు రోడ్డున పడాలి. అతను నా ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. శాంతంగా ఉండమని మాత్రం రాయకు, ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

నీ బిందు

*

యాకుత్‌పురా,
జూలై 2003

అమ్మా,

మన నాలా వెడల్పు చేసే పని నాకే వచ్చింది. అడిగి వేయించుకున్నాను. వెనకటి కాలంలో నాలాకు రెండు వైపులా రాతికట్టు కట్టారు. అదిప్పుడు మట్టిలో పూడిపోయింది. దాన్ని తవ్వి పట్టుకుంటే నాలా అసలు హద్దు తెలుస్తుంది. ఆ హద్దు దాటి లోపలికొచ్చిన ప్రతి గోడ మీదా ఎర్రరంగు గుర్తు పెడతాం. తర్వాత బుల్డోజర్ వస్తుంది.

గోదాం దగ్గర కట్టు దొరికింది. గుర్తు నా చేత్తోనే వేశాను. చున్నీకి అంటిన రంగు ఇంకా ఉతకలేదు, చూసుకున్నప్పుడల్లా ప్రాణం లేచివస్తున్నది. మేస్త్రీ సీతారాం ఎక్కడిదాకా తవ్వాలని అడిగితే, ప్రకాశానికి వినపడేలా గట్టిగా చెప్పాను.

"కట్టు ఏడిదాక పోతే ఆడిదాక. నడుమ ఎవలదున్నా ఇడిచేది లేదు."

మర్నాడు పొద్దున ఆ కట్టు గోదాం కిందినుంచి తిన్నగా వచ్చి మన వంటింటి గోడ కిందికి దూరింది. సీతారాం గడ్డపార పక్కన పెట్టి నా మొహం చూశాడు. పనివాళ్ళందరూ చూశారు. మన వంటిల్లు సగం నాలా మీదే ఉందమ్మా. బాపు దాన్ని పెంచి కట్టినప్పుడు నేను ఇక్కడే ఇంటర్ చదివేదాన్ని, కింద ఏముందని ఒక్కసారీ అడగలేదు.

సాయంత్రం ప్రకాశం వచ్చి మన గడప మీద కూర్చున్నాడు. కోపం లేదు, బెదిరింపు లేదు.

"బిడ్డా, నాది పడితే నీది గుడ పడ్తది. గా లైను జరంత అటు జరుపు, ఇద్దరం బతుకుతం. మీ బాపు కట్టిన ఇల్లు, సోంచాయించి చూడు."

మన ఇల్లు దక్కాలంటే అతని గోదామును నా చేత్తోనే కాపాడాలట. వంటిల్లు పోతే మిగతా ఇల్లు నిలవదు. నీకంటూ మిగిలింది ఈ ఇల్లొక్కటే. నువ్వు వద్దంటే గుర్తు తుడిచేస్తాను. కానీ వద్దనకమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను.

ఉక్కపోతకి ఎక్కడా కూర్చోలేక వంటింట్లోనే రాస్తున్నాను. మూలన షాబాద్ బండలు లేకుండా సిమెంటు పూసిన చోట చాప వేసుకున్నాను. అక్కడ చల్లగా ఉంది.

బిందు

*

జనగామ,
జూలై 2003

నా బిడ్డ బిందుకు,

నీ ఉత్తరం చదివినప్పటినుంచి ముద్ద దిగడం లేదు. ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

అంజన్ దొరికింది గోదాం కింద కాదు. వాడు నీళ్ళలో పడింది అక్కడే, అది నిజం. ప్రకాశం అడ్డు కట్టకపోతే వాడు ఆ చెత్త తీయడానికి పోయేవాడే కాదు, అదీ నిజం. కానీ కొట్టుకొచ్చి ఇరుక్కున్నది మన వంటింటి కింద. నీళ్ళు తగ్గాక పక్కింటి ఇషాక్ భాయ్ మన బండలు పగలగొట్టి వాణ్ణి పైకి తీశాడు. నువ్వు చాప వేసుకున్న చోటే. నువ్వొచ్చేసరికి దాని మీద బియ్యం బస్తాలు పెట్టాను, తర్వాత సిమెంటు పూయించాను. ఎవరికీ చెప్పొద్దని ఇషాక్ భాయ్ చేత ఒట్టు వేయించుకున్నాను.

ఆ వంటిల్లు ఇరుకుగా ఉందని మీ బాపును పోరింది నేనే. తర్వాత ఆయన ఆ గదిలో వండిన మెతుకు ముట్టలేదు. అట్లాగే పోయాడు. ఆయన్ను అనలేక, నన్ను నేను అనుకోలేక, అంతా ప్రకాశం మీద వేశాను. ఆ పగే నీకు అన్నంలో కలిపి పెట్టాను. నువ్వు దాని మీదే ఉద్యోగం వెతుక్కున్నావు.

గుర్తు తుడవకు. ముందు మన గోడ పడనీ. ఆ తర్వాత అతని గుమ్మం ముందు నిలబడు, ఇక నిన్ను అనడానికి అతనికి నోరుండదు. అతన్ని నేను మాఫ్ చేయలేదు బిడ్డా. ఆ కుర్చీలు నాకూ గుర్తున్నాయి.

శనివారం యాకుత్‌పురా స్టేషన్లో దిగుతాను. ఆ సిమెంటు పూసిన చోటు మాత్రం మీ వాళ్ళను ముట్టనివ్వకు. గడ్డపార నాకియ్యి.

మీ ఇద్దరి అమ్మ,
నాగమణమ్మ