రాలేదన్న తొమ్మిది కాల్స్

కాపెల్, టెక్సస్
మంగళవారం

చిరంజీవి శశికాంత్‌కు పెద్దక్క ఆశీస్సులు.

దేవుడి దయవల్ల ఇక్కడ అందరం కులాసా. నువ్వు గురువారానికి శాంటా క్లారా చేరతావన్నావు కాబట్టి ఈ కవరు అక్కడి నీ స్నేహితుడు దేవ్ ఇంటికి పంపుతున్నాను. నువ్వు బండి పెట్టి, స్నానం చేసి, కడుపునిండా తిన్నాకే చేతికివ్వమని అతనికి చెప్పాను. ఫోన్‌లో చెప్పవచ్చుగా అనుకుంటావు. స్టీరింగ్ ముందున్న మనిషికి చెప్పే మాట కాదిది.

ముందు, బిల్లుల కవర్లో పెట్టిన నీ ఉత్తరానికి జవాబులు. నా మోకాలు పర్వాలేదు. మెట్లు దిగేటప్పుడే సణుగుతుంది. శ్రీవల్లి ఆఫీసులో లేఆఫ్‌లు ప్రస్తుతానికి ఆగాయి. పూజిత డ్రైవింగ్ టెస్ట్ పాసైంది. పార్కింగ్‌లో ఒక కోన్‌ని తాకిందట. "డాడీకి చెప్పకు అత్తా, ట్రక్ ఓనర్ డాటర్ ఇలానా అని లాఫ్ చేస్తారు" అంది. నేను చెప్పలేదు, రాశానంతే.

రెండో బండి ఎందుకు ఖాళీగా ఉందని అడిగావు. మూడు వారాల్లో రెండుసార్లే కదిలింది. రోజూ నలభై ఫోన్లు చేస్తున్నాను. మన కంపెనీ నంబర్ చెప్పగానే అవతల కీబోర్డు చప్పుడు, ఆ తర్వాత "సారీ మేడం". నిన్న శ్రీవల్లి నా పక్కనే కూర్చుని ఇదంతా విన్నది.

"లోడ్లు ఇప్పించే ఒక్క బ్రోకర్ ఆ ట్రక్ కంపెనీల రికార్డుల సైట్లో మన మీద ఏదో రాసి పెడితే అందరూ ఎలా నమ్మేస్తారు వదినా?" అంది.

"సంబంధం కలుపుకునే ముందు నలుగురినీ వాకబు చేయరూ? ఇదీ అంతే. లోడ్ ఇచ్చే ప్రతివాళ్లూ ముందు ఆ సైట్ తెరిచి మన రికార్డు చూస్తారు."

"మరి అది తప్పని డిస్ప్యూట్ చేయొచ్చు కదా?"

"చేశాం. చేశాకే ఒక రిపోర్ట్ రెండైంది" అన్నాను. ఎలా అయిందో మాత్రం చెప్పలేదు. ముందు నీకు చెప్పాలి.

మొదటి రిపోర్ట్‌లో ఉన్నది నీకు తెలుసు. లోడ్ ఒప్పుకుని రాలేదని, ఎన్నిసార్లు చేసినా ఆఫీసులో ఫోన్ ఎత్తలేదని. అసలు కాల్సే రాలేదని నువ్వు జవాబు పెట్టావు. దాని మీద వాళ్లు రెండోది పెట్టారు, మనం అబద్ధాలాడతామని. నీ బండికి వారం వారం పని ఇచ్చే కూరగాయల కంపెనీ వాళ్లు మొన్న శుక్రవారం ఫోన్ చేశారు. ఈ నెలాఖరు దాకా చూస్తారట. అప్పటికీ రికార్డు ఇలాగే ఉంటే వేరేవాళ్లను చూసుకుంటారట.

ఆ సైట్‌కు పెట్టడానికి సంతకం చేయమని నువ్వు పంపిన కాగితం చదివాను. 'ఆ రోజు మా డ్రైవర్ రాజీవ్ ఫోన్ ఆపేసుకున్నాడు, ఆఫీసుకు ఏ కాల్ రాలేదు, డ్రైవర్‌ని తీసేశాం' అని టైపు చేశావు. కింద లోడ్లూ ఫోన్లూ చూసే డిస్పాచర్ అని నా పేరు, సంతకానికి గీత. వచ్చే సోమవారం నుంచి రావద్దని రాజీవ్‌కు నన్నే చెప్పమన్నావు.

నేను సంతకం చేయలేదు శశీ.

ఆ లోడ్ పోయిన శుక్రవారం నా పారాయణంలో ఐదో రోజు. నెల రోజులుగా నువ్వు కొండదారుల్లో, మంచులో బండి నడుపుతున్నావని మొక్కుకుని మొదలుపెట్టింది. అధ్యాయం మధ్యలో లేవకూడదని అమ్మ మనకు నేర్పింది. మన ఆఫీసు ఫోన్‌ని సైలెంట్‌లో పెట్టి వంటింటి గట్టు మీద ఉంచాను. ఆ రాయి మీద అది కొట్టుకుంటుంటే దేవుడి గదిలోకి వినపడుతుంది. విన్నాను. మొదటిసారీ విన్నాను, ఆరోసారీ విన్నాను. గొంతు పెంచి చదివాను.

లేచేసరికి పది యాభై. తొమ్మిది మిస్డ్ కాల్స్, అన్నీ ఆ బ్రోకర్ ఆఫీసు నుంచే. సరుకు గార్లాండ్ గోడౌన్‌లో కాదు, ఫోర్ట్ వర్త్‌లో ఎక్కించుకోవాలని చెప్పడానికి చేశారు. నేను తిరిగి చేసేసరికి లోడ్ ఇంకొకరికి ఇచ్చేశారు. రాజీవ్ మనం చెప్పిన టైముకి, మనం చెప్పిన గేటు దగ్గరే ఉన్నాడు.

సాయంత్రం నువ్వు ఫోన్ చేసి, "అక్కా, వాళ్లు నిజంగా కాల్ చేశారా?" అని అడిగావు. "రాలేదురా" అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. "నువ్వన్నావంటే చాలక్కా" అన్నావు నువ్వు. ఆ తర్వాత చేసింది మాత్రం ఆలోచించే చేశాను. ఫోన్‌లో ఆ తొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా తుడిచేశాను. మర్నాడు తలస్నానం చేసి ఆరో రోజు పారాయణానికి కూర్చున్నాను. ఏమీ జరగనట్టే హారతి ఇచ్చాను.

యాభై నాలుగేళ్ల బతుకులో నీతో అబద్ధమాడడం ఇదే మొదలు అని రాయబోయి ఆగాను. నాకు గుర్తున్నంతలో మొదలు.

నీ కాగితం వచ్చాక రెండు రోజులు దేవుడి ముందు కూర్చున్నాను. ఏం అడగాలో తెలియలేదు. ఈ కాగితంతో రిపోర్ట్ పోవాలని అడిగితే, రాజీవ్ పోవాలని అడిగినట్టే. నిన్న మధ్యాహ్నం లేచి కారు తీశాను.

రాజీవ్, అతని భార్య ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. జరిగింది చెప్పాను. ఆ అమ్మాయి టీ పెట్టడానికి లేచి మళ్లీ కూర్చుండిపోయింది. అతను మాత్రం నవ్వాడు.

"మూడు గంటలండీ అక్కగారూ ఆ గేటు దగ్గర. సెక్యూరిటీ ఆయనకి మా పెళ్లి ఫోటోలు కూడా చూపించేశా. ఆయన పాపం రెండుసార్లు చూశాడు. సారేమో ఫోన్ ఆపేసి పడుకున్నావా అన్నారు."

"తమ్ముడు అలా అన్నది నా వల్లే, రాజీవ్. నన్ను క్షమించు."

"అయ్యో, మీరలా అనకండి." ఆపైన నవ్వు ఆపేశాడు. "సారు తిట్టడం ఏముందండీ, తిడతారు, మళ్లీ బిర్యానీ తినిపిస్తారు. ఆ సైట్లో నా పేరు రాస్తే మాత్రం ఇంకెక్కడా బండి ఇవ్వరండీ. రాసేశారా?"

"లేదు. రాయం" అన్నాను. నీ తరఫున మాటిచ్చాను.

ఇవాళ పొద్దున ఆ బ్రోకర్ ఆఫీసుకు ఫోన్ చేశాను. రిపోర్ట్ పెట్టినావిడ పేరు డెనిస్. నా ఇంగ్లీషు సంగతి నీకు తెలుసు. మీరు తొమ్మిదిసార్లు చేశారు, నేను విన్నాను, ప్రార్థనలో ఉండి ఎత్తలేదు, మా తమ్ముడికి రాలేదని చెప్పాను, అతను నన్ను నమ్మి మీకలా రాశాడు, డ్రైవర్ తప్పు లేదు, అని చెప్పాను.

"దేనికోసం ప్రార్థన?" అందావిడ.

"మా తమ్ముడు క్షేమంగా ఇంటికి రావాలని."

"అయితే ఆ టైములో ఫోన్ దగ్గర ఇంకో మనిషి ఉండాలి మేడం" అంది. కోపంగా అనలేదు. మొదటి రిపోర్ట్ తీయనంది. జరిగిందే కదా. నేను చెప్పినదంతా రాసి, సంతకం పెట్టి పంపితే రెండోదాని గురించి వాళ్ల మేనేజర్‌తో మాట్లాడతానంది. తీయిస్తానని మాటివ్వలేదు.

పంపాను. పాత డిస్ప్యూట్ తప్పని, దాన్ని వెనక్కి తీసుకుంటున్నామని కూడా రాశాను. కంపెనీ నీది. నిన్ను అడగకుండా చేశాను. అడిగితే నా పేరు కాపాడడానికి వద్దనేవాడివి. మొదటి రిపోర్ట్ మన పేరు కింద అలాగే ఉండిపోతుంది. కూరగాయల వాళ్లకూ ఇదే చెప్పాను. "లెట్ అజ్ సీ" అన్నారు. ఆ మాటకు అర్థం ఏ పక్కకైనా తిరుగుతుంది. రెండు బండ్లూ నిలబడిపోవచ్చు. ఆ భయంతో నాకు అన్నం దిగడం లేదు. దాచి ఏం లాభం?

నీ కాగితం ఇందులోనే తిప్పి పంపుతున్నాను. రాజీవ్ మీద రాసిన ముక్కలు కొట్టేశాను. అక్కడ 'డిస్పాచర్ శేషమ్మ ఫోన్ ఎత్తలేదు, ఆమెను తీసేశాం' అని చేత్తో రాశాను. కింది గీత దగ్గర నా పేరు కొట్టేసి నీ పేరు పెట్టాను. చదివి, ఒప్పుకుంటే సంతకం చెయ్యి. సోమవారం లోడ్ దొరికితే రాజీవే నడుపుతాడు. బండి తాళాలు అతని దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
నీ పెద్దక్క
శేషమ్మ