ముందు పలకాల్సింది నేనే

శుక్రవారం రాత్రి

నోటితో చెప్పడానికి సిగ్గు అడ్డొచ్చి, ఇన్నాళ్లకు కలం పట్టాను.

పొద్దున్న మా అమ్మాయి తన పరిశోధన గురించి చెప్పింది. ఒకేసారి నడిచే రెండు కంప్యూటర్ ప్రోగ్రాముల్లో ఏది ముందు పలకాలి, ఏ రకం జవాబు రావాలి అన్న వరస ముందే రాసిపెడితే, నడపకముందే తప్పు దొరుకుతుందట. లేకపోతే ఒక్కోసారి రెండూ అవతలిదాని మాట కోసం చూస్తూ ఆగిపోతాయట.

తోటికోడలు సత్యవతి ఎదుటే నవ్వాను. "మాటాడుకోడానికి కూడా సదువేటే?" అన్నాను. అమ్మాయి లాప్‌టాప్ మూసేసింది.

సాయంత్రం సత్యవతి, నేను కలిసి నూకాలమ్మ గుడికి నైవేద్యం తీసుకెళ్లాలి. తను ఫోన్ చేస్తుందని నేను కూర్చున్నాను. గుడి మూసేవేళ దాటాక నేనే చేశాను.

"నువ్వు సేత్తావనే కూకున్నానప్పా," అంది.

అమ్మవారికి నైవేద్యం అందలేదు. పులిహోర గిన్నె ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మాయి దాన్ని చూసింది, ఎత్తిపొడవలేదు. తిట్టినా ఇంత సిగ్గుపడేదాన్ని కాదు.

ఇప్పుడు అమ్మాయి ఆ గదిలో, నేను ఈ గదిలో. ఇక నాకు తన చదువు గురించి చెప్పదేమో...

నూకాలమ్మ తల్లీ, ఈ కాగితం నీ పటం వెనకే దాచు. అమ్మాయికి చూపించకు. చదివేస్తే, నేను నోరు విప్పకుండా తప్పించుకున్నట్టే.