క్రావడి రాని కంప్యూటరు

1988 మార్చి 3, గురువారం

మిషను దిగింది. అట్టపెట్టెల్లో వచ్చింది. టీవీ లాంటిదొకటి, దాని కింద డబ్బా, పక్కన ప్రింటరు. కాలితో తొక్కే పాత అచ్చు మిషను, ట్రెడిల్ పక్కనే బల్ల వేసి కూర్చోబెట్టాం. మా ఆవిడ శేషారత్నం హారతి ఇవ్వలేదు. చేతులకి సిరా ఉందంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ ప్రెస్సులో సీసం అక్షరాలు ఏరి కూర్చేది ఆవిడే. డబ్బాకేసి చూసి, "దీనికి కరెంటు చాలా, టిఫిను కూడా పెట్టాలా?" అని మాత్రం అడిగింది.

బేరం మాత్రం ఘనంగానే ఉంది. విజయవాడ ప్రభాకర్ కంప్యూటరు నాకు, నా సీసం మొత్తం అతనికి. నెలాఖరుకి వ్యాను పంపి అక్షరాల పెట్టెలన్నీ ఎత్తుకుపోతాడు. అట్టపెట్టెలు విప్పకముందే 'సరుకు బాగుంది, బదులు అక్షరాలు ఇస్తాను' అని సంతకం పెట్టించుకున్నాడు, దరిద్రుడు. నేనూ పెట్టాను, అంతకంటే దరిద్రుణ్ణి.

మార్చి 4

ముందు నా పేరే కొట్టాను. వీరభద్రం.

కాయితం మీద — వీరభదం.

మళ్ళీ కొట్టాను. వీరభదం. టీవీ అద్దం మీద నిక్షేపంగా ఉంది. కాయితం మీదకొచ్చేసరికి తోక తెగింది.

మార్చి 5

పెళ్ళి శుభలేఖ ఒకటి కొట్టి చూశా. శ్రీరస్తు అని కొడితే 'శీరస్తు' అని వచ్చింది. శీ అని మొదలెట్టుకుని ఎవడు పెళ్ళి చేసుకుంటాడు?

తక్కువైంది క్రావడి. ర-వత్తు. అక్షరానికి ఎడమ పక్కనుంచి కిందుగా చుట్టుకొచ్చే కొక్కెం. మిగతా వత్తులన్నీ వస్తున్నాయి. ఇదొక్కటే రాదు. శేషారత్నం చూసి, "ఒక్క కొక్కేనికి ఇంత యాగీ ఎందుకు, పెన్నుతో దిద్దేయండి" అంది. వెయ్యి శుభలేఖలు కూర్చుని దిద్దాలట. నవ్వు ఆపుకుంటోంది, నాకు తెలుసు.

విజయవాడలో వాడి షాపులో చూసినప్పుడు బ్రహ్మాండంగా వచ్చిందే... ఏం కొట్టి చూపించాడు? 'నూజివీడు మామిడికి సాటి లేదు'. అందులో క్రావడి ఏది? ఊళ్ళో అందరికీ నేను వేసే ఎత్తు నాకే వేశాడు.

మార్చి 7

ట్రంకు కాల్. గంట నిలబడ్డాక ప్రభాకర్ దొరికాడు.

"మా ప్రోగ్రాంలో లోపమే లేదండీ. ప్రింటరు వాళ్ళనడగండి."

ప్రింటరు వాళ్ళనడిగితే — "మా ప్రింటరు ఎలా చెబితే అలా కొడుతుందండీ. ప్రోగ్రాం వాళ్ళనడగండి."

మళ్ళీ ప్రభాకర్. మీ షాపులో చూపించిన ప్రింటరు ఇది కాదు కదయ్యా అన్నాను. "అది వేరే కంపెనీ అండీ. అయినా రెండూ ఒకటే, కంపాటిబుల్."

కంపాటిబుల్ అంటే ఒకదానికొకటి సరిపడేది అనట. ఆ మాటలో కంపు మాత్రం నిజం.

మార్చి 8

రోజంతా అదే ఆలోచన. ఏ కంపెనీ బల్బు అయినా ఏ హోల్డరులోనైనా పడుతుంది. రెడ్డిగూడెంలో కొన్న సైకిల్ చైను చాట్రాయి సైకిల్‌కి పడుతుంది. మోటారు పాడైతే పక్క తోటవాడి నట్టు తెచ్చి బిగించుకుంటాం. ఇంత చదువుకున్నవాళ్ళు, ఇంత పెద్ద మిషన్లు చేసేవాళ్ళు, రెండు డబ్బాలని ఒక మాట మీద ఉంచలేరా? ఉంచలేక కాదు. ఉంచితే రెండో డబ్బా కూడా తమ దగ్గరే కొనమని ఎలా చెబుతారు?

మార్చి 9

ఫిర్యాదు రాశాను. రుజువు కూడా అదే అవుతుందని మిషను మీదే కొట్టాను. చూసుకోకుండా పోస్టులో వేశాను.

మార్చి 14

ప్రభాకర్ జవాబు. 'శ్రీ వీరభద్రం గారికి, కావళ్ళు మా షాపులో అమ్మబడవు. మీ హాస్యప్రియత్వం గురించి ఇదివరకే విని ఉన్నాము.'

నాకు అర్థం కాలేదు. నకలు తీసి చూశాను.

'శీ పభాకర్ గారికి, మీ పింటరులో కావడి రావడం లేదు. కావడి లేకపోతే మా పెస్సు నడవదు. వెంటనే కావడి పంపగలరు.'

శేషారత్నం నేల మీద కూలబడి నవ్వింది. నాకూ వచ్చేదే, వేరేవాడికి జరిగుంటే. ఇంకో సంగతి — వాడు జవాబు పెన్నుతో రాశాడు. తన పేరులో క్రావడి ఎంత ఒయ్యారంగా తిప్పాడనీ. తెలుగు కంప్యూటరు అమ్మేవాడు ఉత్తరం చేత్తో రాస్తున్నాడు.

మార్చి 15

మామిడి వ్యాపారి చలమయ్య గారొచ్చారు. సీజనుకి పెట్టెల మీద అంటించే లేబుళ్ళు ఏటా నా దగ్గరే. ప్రూఫు అడిగారు. పైన శ్రీ, కింద 'ప్రతి పెట్టెలో ఎంచిన చిన్న రసాలు' అని రావాలి.

పైన శీ. కింద — 'పతి పెట్టెలో ఎంచిన చిన్న రసాలు.'

ఆయన రెండుసార్లు చదివారు. "ఏంటిది? నన్ను మా ఆవిడ చేత పెట్టెలో పెట్టించి మేకులు కొట్టిద్దామనా?"

"మిషను తప్పండీ, నా తప్పు కాదు."

"నిరుడు బస్టాండు మార్చారని నోటీసు కొట్టి గోడలకి అంటించింది కూడా మిషనేనా?"

"అది నేనే. ఇది మాత్రం నేను కాదు."

"చూడు వీరభద్రం. నీ వేళాకోళాలు నీ ఇంటి గోడ మీద రాసుకో. శ్రీ లేని పెట్టె నా షెడ్డు గడప దాటదు. నెలాఖరులోగా శ్రీ కనపడిందా సరే, లేదంటే ఈ ఏడు లేబుళ్ళు విజయవాడలో కొట్టించుకుంటా."

ఈ ఒక్కసారీ నేను వేళాకోళం ఆడలేదు. చెబితే నమ్మేవాడు ఊళ్ళో ఒక్కడు లేడు.

మార్చి 16

లెక్క తేలిపోయింది. సీసం నెలాఖరుకి పోతుంది. మిషనులో శ్రీ రాదు. శ్రీ రాకపోతే పెళ్ళిళ్ళూ లేవు, మామిడీ లేదు. ప్రెస్సు తలుపు మూసుకోవడమే. శేషారత్నం అక్షరాల పెట్టెల దగ్గర కూర్చుని గడులు లాగి చూసుకుంటోంది. 

మార్చి 17

హైస్కూల్లో లెక్కలు చెప్పే రాజ్యలక్ష్మి టీచర్ని బతిమాలి పిలుచుకొచ్చాను. స్కూలుకి గవర్నమెంటు కంప్యూటరు ఇచ్చినప్పుడు ఈవిణ్ణే ట్రైనింగుకి పంపారు. స్కూలు మిషను మీద కొట్టి చూద్దామంటే కుదరదట. దానిది వేరే జాతి. దాని ప్రోగ్రాం దీనికెక్కదు, దీనిది దానికెక్కదు. అదే కంపు.

"ట్రైనింగులో మేం ఒకళ్ళ ప్రోగ్రాం ఒకళ్ళం రాసుకునేవాళ్ళమండీ. పత్రికల్లో కూడా మొత్తం అచ్చేస్తారు. చూసి కొట్టుకోవడమే. తప్పుంటే మనమే దిద్దుకోవచ్చు."

"అయితే దీన్నీ దిద్దండమ్మా."

"లిస్ట్ అని కొడితే లోపలున్నదంతా కనపడుతుంది." కొట్టింది. తెర మీద ఒకే ముక్క. ఇల్లీగల్ ఫంక్షన్ కాల్.

ఇల్లీగల్ అంటే నాకు తెలుసు. కోర్టు మాట. నా ఇంట్లో కూర్చుని, నా కరెంటు తాగుతూ, నేను చేసేది నేరమంటోంది. మిషను నోట వినాల్సి వచ్చింది.

"తాళం వేసి అమ్మారండీ. నడుస్తుంది గానీ చూపించదు" అంది టీచరు.

మార్చి 18

ఎవరు ఎవరి మీద కేసు పెట్టారో తెలియాలి కదా. ఆ ఇంగ్లీషు ముక్క చీటీ మీద రాసుకుని ప్లీడరు సుబ్బారావు గారి దగ్గరకి వెళ్ళాను. ఇది నవ్వులాటేనని ఆయనా అనుకున్నారు. కాదని ఒట్టేశాను.

"నోటీసు ఎవరిచ్చారు?"

"కంప్యూటరండీ."

కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నీ బీరువా తాళం నువ్వు పగలగొట్టుకుంటే ఏ సెక్షనూ అంటదు. ఇంక వెళ్ళు" అన్నారు. అది చాలు నాకు.

మార్చి 20

నిద్ర లేవగానే కోపం. కాఫీ చల్లారినా కోపమే.

సీసం అక్షరం అరిగిపోతే ఆకురాయి పెట్టి రుద్దుకున్నాం. విరిగితే పోత పోయించుకున్నాం. ఏ గడిలో ఏముందో పెట్టె లాగితే కనపడుతుంది, ఎవడైనా వచ్చి చూడొచ్చు. ఇప్పుడు మా పలకమీద దిద్దిన అక్షరాన్ని డబ్బాలో పెట్టి, తాళం వేసి, ముట్టుకుంటే నేరమంటారా? క్రావడి ఎవడబ్బ సొత్తు? నేను కొన్నది మిషనా, మిషను ముందు కూర్చునే హక్కా?

ప్రభాకర్‌కి మళ్ళీ ఫోను చేస్తే — కొత్త రకం వస్తోందట, అందులో అన్నీ ఉంటాయట, దానికి మళ్ళీ కట్టాలట. కాలు విరగ్గొట్టి, తర్వాత కర్ర అమ్ముతాడు.

మార్చి 23

టీచరుతో ట్రైనింగులో ఉన్న స్నేహితురాలు కార్డు రాసింది. ఈ తాళానికి ఉపాయం ఉందట. చిన్న ఫైలు ఒకటి ముందుగా లోపలికి పంపితే తాళం ఊడుతుందట.

టీచరు జంకుతోంది. "ఇది దొంగతనం కాదంటారా?"

"ప్లీడరు గారు బీరువా అన్నారు."

"ఆయనకి కంప్యూటర్ల గురించి ఏం తెలుసండీ?"

"నాకూ తెలీదు. బీరువా తెలుసు."

మార్చి 26, శనివారం

స్కూలు వదిలాక టీచరు వచ్చింది. కార్డులో ఉన్నట్టే చేసింది. లిస్ట్ అని కొట్టింది.

ఇల్లీగల్ లేదు. గీతలు గీతలుగా పైకి పాకుతోంది... ఇంగ్లీషు, అంకెలు. మిషను పొట్ట విప్పినట్టుంది.

మొదటి వరసలు చూసి టీచరు చేతులు తీసేసింది. "వీటి ముందు రెమ్ అని ఉందండీ. అలా ఉన్న వరసలు మిషను చదవదు. మనుషుల కోసం రాసుకునేవి."

చదివి తెలుగులో చెప్పింది. ఎవరో మాష్టారు రాసిన ప్రోగ్రాం. ఊరు పేరు లేదు. 'ఇది తెలుగు రాసేవాళ్ళందరికీ. మార్చుకోండి, పంచుకోండి, అమ్ముకోకండి. ప్రింటరు మారితే క్రావడి రాదు. ప్రింటరు తలని వెనక్కి జరగమని చెప్పే అంకె ఇక్కడుంది, మీ ప్రింటరుకి తగ్గట్టు మార్చుకోండి.'

రెండోసారి చదివించుకున్నాను.

ఆయనెవరో నాబోటి వాడికని ముందే ఆలోచించి, అంకె ఎక్కడుందో వేలు పెట్టి చూపించి వెళ్ళాడు. ప్రభాకర్ చేసిన పనల్లా ఆ వేలు మీద తాళం వేయడం. ఊరందరికీ పెట్టిన చలివేంద్రం ఎత్తుకొచ్చి గ్లాసుల్లెక్కన అమ్మేవాణ్ణి ఏమనాలి? చాలా అన్నాను. ఇక్కడ రాయను. టీచరు చెవులు మూసుకుంది, శేషారత్నం మూసుకోలేదు.

మార్చి 28

అంకె ఎక్కడుందో తెలిసింది. ఎంతో తెలీదు. ప్రింటరుతో వచ్చిన పుస్తకంలో లేదు. ప్రింటరు కంపెనీ వాళ్ళు అది బయటివాళ్ళకి చెప్పరట. నేను బయటివాణ్ణట. ప్రింటరు నా ఇంట్లో ఉంది, నేను బయట.

సరే. ఒక్కొక్కటే మార్చి చూడ్డం. ఒకదానికి కాయితమంతా ఉమ్మేసింది. ఒకదానికి కూత పెట్టింది. ఒకదానికి క్రావడి వచ్చింది — శ నెత్తి మీద, టోపీలా.

మార్చి 29

టోపీ దిగింది. ఇప్పుడు పక్క అక్షరం కింద కూర్చుంటోంది. వీరభదంర.

దగ్గర పడుతున్నాం అంటుంది టీచరు. దగ్గరతనం నాకు కనపడ్డం లేదు. చలమయ్య గారి గుమాస్తా గుమ్మంలోంచి తొంగి చూసి, "కావడి వచ్చిందా అండీ?" అని పోయాడు. ఊరంతా అదే మాట.

మార్చి 30

అక్షరాల పెట్టెలు సర్దుతున్నాం. రేపే వ్యాను. ర-వత్తు గడి లాగితే ఖాళీ. శ్రీ గడి ఖాళీ.

"ఏమే, ఇందులోవి ఏవీ?"

"ఏవి?"

"క్రావళ్ళు."

వంటింట్లోకి చూపించింది. అటక మీద నిరుటి ఆవకాయ జాడీ. మూత తీస్తే నిండా సీసం కొక్కేలు. శ్రీలు పైన, గుడ్డలో చుట్టి.

"సంతకం పెట్టావు కదా అంటాడు ప్రభాకర్."

"అక్షరాలకి పెట్టారు. పట్టుకెళ్ళమనండి. మనకెలా ఇచ్చాడో మనమూ అలాగే ఇస్తున్నాం. కంపాటిబుల్."

ఇన్నేళ్ళ కాపురంలో ఈవిడ నా దగ్గర ఇంత నేర్చిందని తెలీదు. నా దగ్గర కాదేమో. అడగలేదు.

కానీ జాడీడు క్రావళ్ళతో లేబుళ్ళు రావు. మిగతా అక్షరాలూ కావాలి.

మార్చి 31, గురువారం

టీచరు స్కూలుకి సెలవు పెట్టింది. పొద్దుటి నుంచీ అంకెలు. చలమయ్య గారు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.  వక్క నములుతున్నారు.

బయట వ్యాను ఆగింది. ప్రభాకరే స్వయంగా దిగాడు, వెంట వ్యాను మనిషి. "సిద్ధమేనా అండీ?"

"కూర్చోవయ్యా. మీ పేరే కొడుతున్నాం, ముందు శ్రీ పెట్టి."

తెర మీద విప్పిన ప్రోగ్రాం ఉంది. చూశాడు. మొహంలో రంగు మారింది. "ఎవరు తీశారిది? ఇల్లీగల్ తెలుసా?"

"తెలుసు. మిషను చెప్పింది. ఆ పై వరస చదువు. అమ్ముకోకండి అని ఉందే, అదేంటో మాకు తెలుగులో చెప్పు."

ప్రభాకర్ వ్యాను మనిషికి సైగ చేశాడు. వ్యాను మనిషి అక్షరాల పెట్టె మీద చెయ్యి వేశాడు. శేషారత్నం లేచి వెళ్ళి ఆ పెట్టె మీదే కూర్చుంది.

టీచరు మరో అంకె కొట్టింది. "ఇదొకటి చూద్దామండీ."

ప్రింటరు తల కదిలింది. అందరం కాయితం మీదకి వంగాం, ప్రభాకర్‌తో సహా. శ వచ్చింది. గుడి దీర్ఘం వచ్చింది. తల ఆగింది. ఇప్పుడు వెనక్కి జరుగు— జరిగింది, కొక్కెం ఎడమ పక్కనుంచి శ కిందకి చుట్టుకొచ్చింది: శ్రీ.