రెండు వేళ్ల అంచు

విశాఖపట్నం జిల్లా చోడవరంలో పటాలు కట్టే షాపు నడిపిన దివంగత బుడాన్ సాహెబ్ భార్య షంషాద్ అనే నేను, అరవై ఎనిమిదేళ్ల వయసులో, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. మోకాళ్లు తప్ప అన్నీ బాగానే పనిచేస్తున్నాయి.

1. నాకు పిల్లల్లేరు. ఇల్లు, షాపు గది మా మతధర్మం చెప్పిన వాటాల ప్రకారం నా అన్నదమ్ములకు చెందుతాయి. దిగువ రాసినవి నా ఇష్టానికి వదిలిన మూడో వంతులోవి.

2. మా మరిది కూతురు మదీహాకు పటం చుట్టూ పెట్టే ఆమ్లం లేని మౌంటు బోర్డులు, పల్చని జపాను కాగితం, గోధుమ గంజి కాచే ఇత్తడి గిన్నె. అందులో టీ పెట్టకూడదు. విశాఖలో పాత కాగితాలు బాగుచేసే కీర్తి అనే అమ్మాయి దగ్గర అరవై దాటాక నేర్చుకున్న పని ఇది. అంతకుముందు నలభై ఏళ్లు పటాలను మామూలు అట్టకు జిగురుతో అంటించి, గొప్ప పని చేశాననుకున్నాను. ఆ అట్టల్లోని ఆమ్లమే బొమ్మలను మాడ్చి పెళుసు చేసింది. నేను విప్పి మళ్లీ కట్టగలిగినవి ముప్పై ఒకటే.

3. ఆమె అన్న సుఫియాన్‌కు సుత్తి, మేకుల డబ్బా. ఫ్లెక్సీ కొట్టిస్తే పోయేదానికి ఇంత తంటా ఎందుకని వాడు నవ్విన సంగతి మరిచిపోలేదు. అయితే నాకు జ్వరమొచ్చిన పదకొండు రోజులూ షాపు తీసింది వాడే. గోడ గడియారం కూడా వాడికే.

4. వడ్డాది ఊళ్లో ఉండే నూకరత్నానికి ఆమె లక్ష్మీదేవి పటం. 1994లో, వరలక్ష్మీ వ్రతం ముందురోజు, వాళ్లమ్మ పూజించిన ఆ పాత అచ్చు పటాన్ని కొత్త ఫ్రేముకు తెచ్చింది. ఉన్న ఫ్రేము పొట్టిది. ఇంకోటి చేసే తీరిక లేక, అడుగున అచ్చాఫీసు పేరున్న తెల్ల అంచును రెండు వేళ్ల వెడల్పున నేనే కోసేశాను. చదువు రాకపోయినా ఆమెకు ఆ అక్షరాల వరుస గుర్తు. "ఇది మాయమ్మ పటం కాదు. మాది దాసేసి కొత్తది పెట్టేరు" అని బల్ల మీదే వదిలేసి పోయింది. మా ఆయన సంగతి తెలియక, పటాన్ని ఏమీ చేయలేదని అల్లా మీద ఒట్టేశారు. ఆయన ఒట్టు అబద్ధమవుతుందని నేను నోరు విప్పలేదు. ఆయన పోయాకా విప్పలేదు. అది నా పిరికితనం. ఇరవై ఏడేళ్లుగా ఆమె మమ్మల్ని దొంగలనే అనుకుంటోంది.

దేవుడి కాగితం ఎవరిదైనా చెత్తలో వేయడం మా ఇంట్లో లేదు. కోసిన ముక్కలన్నీ బిస్కెట్ల డబ్బాలో దాచేదాన్ని. ఆ అంచు అందులోనే ఉంది. వాళ్లమ్మ అమ్మవారి పాదాల దగ్గర బొటనవేలితో పెట్టిన కుంకుమ బొట్టు సగం పటం మీద, సగం అంచు మీద ఉండిపోయింది. వెనక జపాను కాగితం, గంజి పెట్టి రెండింటినీ అతికించాను. బొట్టు కలిసింది. కీర్తి ఆ మరక తీసేద్దామంటే నేను ఒప్పుకోలేదు. అద్దం కాగితానికి తగలకుండా, అంచు కనిపించేలా మౌంటు పెట్టాను. ఇకమీద బొట్టు అద్దం మీదే పెట్టాలి.

5. నాలుగో అంశం రద్దు చేస్తున్నాను. రాసింది మాత్రం కొట్టేయొద్దు, అందరూ చదవాలి. ప్లీడరు గౌరీశంకర్ గారు దాన్ని చదివి వినిపించినప్పుడు, చచ్చాక చెప్పడం కూడా పిరికితనమేనని సిగ్గేసింది. నిన్న ఆటోలో పటం పట్టుకుని వడ్డాది వెళ్లాను. నూకరత్నం ఆ బొట్టుకు ఎదురుగా అద్దం మీద బొటనవేలు ఆనించి చాలాసేపు కూర్చుంది. తర్వాత, "ఒక్క మాట సెప్తే పోయేది కదే" అంది. ఇద్దరం ఏడ్చాం.

వీలునామాలో ఏదైనా పొందేవాళ్లు సాక్షిగా ఉండకపోవడమే మంచిదని ప్లీడరు గారన్నారు. ఇప్పుడు నూకరత్నానికి ఇందులో ఏమీ రాదు. అందుకే సాక్షిగా నేనే రమ్మన్నాను.

చోడవరం, 18 నవంబరు 2021.

(సంతకం) షంషాద్

సాక్షులు:
1. గౌరీశంకర్, ప్లీడరు, చోడవరం (సంతకం)
2. నూకరత్నం, వడ్డాది (బొటనవేలి ముద్ర)