కాయని తీగలు

అన్నయ్యకి,

చెల్లెలు శారద నమస్కారాలు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? వదిన షుగర్ టెస్ట్ చేయించుకుందా? మేమిద్దరం ఒంట్లో కులాసాగానే ఉన్నాం. మనసు సంగతి కింద రాస్తాను.

కివీ మొక్క పంపమని రాశావు. లాభం లేదు. పైకి సపోటాలా గరుకుగా, కోస్తే పచ్చగా ఉండే ఈ కాయ అసలు చైనా అడవుల్లో తీగట. న్యూజిలాండ్ వాళ్లు పట్టుకెళ్లి, తమ పిట్ట పేరు పెట్టి లోకానికి అమ్మారు. దీనికి చలికాలమంతా వణికించే చలి తగలాలి. మన మేడ్చల్ ఎండకి మాడిపోతుంది. ఇక్కడ ఉత్తర కాలిఫోర్నియాలో అందరికీ కాస్తోంది. మాకే కాయలేదు.

కారణం నేనే. ముందరి ఆసామి పెట్టి వదిలేసిన అయిదెకరాల కివీ తోట కొన్నామని తెలుసుగా. నిరుడు మిగతావి అక్కడక్కడా కాసినా, కొన్ని తీగలు విరగబూసి ఒక్క కాయా కాయలేదు. దండగ తీగలని చలికాలంలో కొమ్మలన్నీ కత్తిరించి, మొదళ్లు పెకలించేశాను. మీ బావ నెత్తీ నోరూ కొట్టుకున్నారు, "నర్సరీకి ఒక్క ఫోన్ చేసి కనుక్కుందాం, ఆగవే" అని. "ద్రాక్ష పందిరి కింద పెరిగినదాన్ని, నాకు చెబుతారా!" అన్నాను. అంత పొగరు నాకు.

ఈ మే నెలలో తోటంతా తెల్లగా పూసింది. మొత్తం రాలిపోయింది. పక్క పీచ్ తోట పంజాబీ పెద్దాయన వచ్చి, ఖాళీలు చూసి తల పట్టుకున్నారు. "అయ్యో బేటీ, మగ తీగలన్నీ తీసేశావా!"

కివీలో మగ తీగ వేరు, ఆడ తీగ వేరట. ఎనిమిదింటికి ఒక మగ తీగైనా ఉంటే తప్ప కాయదట. మన ద్రాక్షకి ఈ గొడవే లేదు, నాకేం తెలుసు? ఇప్పుడు మగ కొమ్మలు తెచ్చి, ఉన్నవాటిలో కొన్నింటికి అంటు కట్టాలి. అవి పూసేసరికి రెండు మూడేళ్లు. ఆయన వెళ్లాక పందిరి కిందే కూలబడి ఏడ్చాను.

నీకెందుకు రాస్తున్నానో తెలుసా? పందిరి పని మనిద్దరిలో నాకే వచ్చు. అయినా నాన్న పోతూ ద్రాక్ష తోట నీకే రాశారు. "ఆడపిల్లకి తోటెందుకు, పెళ్లయి పోయేదేగా" అన్నారు. నువ్వు పక్కనే ఉండి ఒక్క మాట అనలేదు. కాయించి నీకూ, పైనున్న నాన్నకీ చూపించాలని ఇన్నాళ్లూ పళ్లు బిగబట్టాను. ఇప్పుడు నవ్వుకో.

ఇంకొకటి. నాన్న తీగలు కోసే కత్తెర పోయిందని కూలీలందర్నీ తిట్టావు గుర్తుందా? వాళ్లెవరూ తియ్యలేదు. నేనే నా పెట్టెలో చీరల మధ్య దాచి తెచ్చుకున్నాను. ఆ తీగలు దాంతోనే కోశాను. నీకు పంపేద్దామని ఇవాళ పొద్దున గుడ్డలో చుట్టి, మళ్లీ విప్పేశాను.

వచ్చే చలికాలం అంటు కట్టాలి. పంపను. తోట నీకిచ్చారు, కత్తెర నాకుండనీ.

వదినకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. తిట్టుకుంటే తిట్టుకో, తర్వాత దీవించు.

నీ చెల్లెలు,
శారద