సందులో తిరగని బండి

ఏర్పేడు.

తమ్ముడు మునిశేఖర్‌కు అక్క నిస్సీ ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాసేది. ఇక్కడ అమ్మ క్షేమం, నేను క్షేమం, నాయన బుల్లెట్టు కూడా లేచి నిలబడింది. నా ఎడమ చేతికి కుట్లు పడ్డాయి. ఆ సంగతి చివర్లో చెబుతాను, ఇప్పుడే కంగారు పడకు. పులికాట్ గాలి నీకు పడిందనీ, పిన్ని పెట్టే రొయ్యల పులుసుకు ఒళ్లు చేశావనీ మునిరత్నం మామ చెప్పాడు. ఫోన్‌లో మాట్లాడితే పోలీసులు వింటారని నువ్వు మొండికేస్తే, పాపం ఆ మనిషి రొయ్యల వ్యానులో మన ఉత్తరాలు మోస్తున్నాడు. ఇది చదివి పొయ్యిలో పెట్టు.

బండి ఎంతవరకు వచ్చిందని అడిగావు. అయిపోయింది. ట్రాక్టర్ కింద నలిగిన బండి పాత ఇనుముకు తప్ప దేనికీ పనికిరాదని ఊరంతా అన్నారు. అన్నవాళ్ల నోట్లో మన్ను. హ్యాండిల్ కూర్చునే మెడను గ్రైండర్‌తో కోసి, నువ్వు గీసి పంపినట్టే ఏటవాలుగా పెట్టి మళ్లీ వెల్డింగు చేశాను. కోస్తుంటే బిళ్ల విరిగి చెంప పక్కనుంచి దూసుకుపోయింది. ఇంజను రెక్కల మధ్య నాయన నెత్తురు ఎండి నల్లగా పట్టేసి ఉందిరా. కిరసనాయిలు పోసి బ్రష్షుతో రుద్దుతూ, ఆ ట్రాక్టర్ తోలిన జయచంద్రను ఏడు తరాలు ఎత్తి తిట్టాను. గొంతు పోయేదాకా తిట్టాను.

అమ్మ ఎలా ఉందని అడిగావు. షుగరు అదుపులోనే ఉంది, కోపమే అదుపులో లేదు. ఒకరోజు రోకలి పట్టుకొని షెడ్డులోకి వచ్చి, "మొగున్ని తిన్న ఇనుమును నా కండ్ల ముందర ఏల పెట్టినావే!" అని ట్యాంకు మీద ఒక్కటేసింది. సొట్ట పడింది. నేను ఆ సొట్ట తీయలేదు. ఇంజను మొదటిసారి పలికిన రోజు మాత్రం నాయన వచ్చాడనుకొని గరిటె చేతిలోనే పట్టుకొని వాకిట్లోకి పరుగెత్తింది. నన్ను చూసి మళ్లీ లోపలికి పోయింది. ఆ పూట మేమిద్దరం అన్నం తినలేదు.

నువ్వు గీసిన బొమ్మ గురించి ఒక మాట. ముందు చక్రం ఒక ఊళ్లో, వెనక చక్రం ఇంకో ఊళ్లో ఉండేలా గీశావు గదరా! అయినా ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు అంత పొడుగూ చేయించాను. హ్యాండిల్ ఎత్తు లేపాను. సీటు కింద గొట్టం వెల్డింగు చెయ్యమన్నావు, అదీ చేశాను. దేనికని అడగలేదు. అగరుబత్తీలు పెట్టుకోవడానికి కాదని నాకు తెలియదా? అటక మీది మచ్చుకత్తి అందులో ఒరలో దిగినట్టు దిగింది.

నిన్ను తప్పు పట్టడం లేదు. జీవితంలో కల్లు చుక్క ముట్టని నాయనను పట్టుకొని, "ముసలోడే తాగి ట్రాక్టర్‌కు అడ్డమొచ్చినాడు" అని ఆ జయచంద్ర స్టేషన్లో చెప్పాడు. ఆ స్టేషన్ గేటు దగ్గరే నువ్వు వీల్ స్పానర్‌తో వాడి తల పగలగొట్టావు. నేనున్నా అదే చేసేదాన్ని. పాస్టరుగారు వచ్చి క్షమించమన్నప్పుడు, "మీ నాయన ట్రాక్టర్ కింద పడలేదు కదా" అని మొహం మీదే అన్నాను. కానీ శ్రీకాళహస్తి, ఏర్పేడు ఛాయలకు రాకూడదన్న నీ బెయిలు షరతు వచ్చే నెలతో తీరిపోతుంది. నువ్వు నేరుగా వాడింటికి పోతావు. ఈసారి బెయిలు ఉండదు. జైల్లోనే ముసలివాడివైపోతావు.

ఇక దాచింది చెబుతున్నాను. మనలో ఒకరు జైలుకు పోక తప్పదంటే నేనే పోదామనుకున్నాను. అమ్మను షాపుకు పంపి, మచ్చుకత్తికి పదును పెట్టి, బండెక్కి పట్టపగలే శ్రీకాళహస్తిలో వాడుండే సందులోకి పోయాను.

వాడు అరుగు మీద కూర్చొని బీడీ కాలుస్తున్నాడు. వాళ్లమ్మ తిరుమలమ్మ కరక్కాయ నీళ్లలో ముంచిన కలంకారీ గుడ్డలు పిండి గోడమీద ఆరేస్తోంది. నేను హెల్మెట్ తీయలేదు, మాట్లాడలేదు. కత్తి లాగి మెడకు వేశాను. వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. రెండు వేళ్లు తెగి అరుగు కింద పడ్డాయి. వాడు గొడ్డులా అరుస్తూ పక్కనున్న గడ్డపలుగు అందుకొని నా ఎడమ చేతి మీద కొట్టాడు. ఎముక కనబడింది. మళ్లీ నరకడానికి చెయ్యి లేపాను. ఆరేసిన గుడ్డల మీద నెత్తురు చూశాను, వాడు మోకాళ్ల మీద కూలబడి తెగిన వేళ్ల కోసం మట్టిలో వెతుక్కోవడం చూశాను. నా చెయ్యి దిగలేదు. ఎందుకు దిగలేదో ఈ రోజుకీ తెలియదు, ఆ నిమిషం నా మీద నాకే అసహ్యం వేసింది.

బండెక్కి తిప్పబోయాను. తిరిగితే కదా! ముందు చక్రం ఎదుటి గోడకు కొట్టుకుంది. వెనక్కి లాగితే వెనక చక్రం ఇవతలి గోడకు కొట్టుకుంది. ఒంటి చేత్తో లాగాను, తన్నాను, తిట్టాను, ఏడ్చాను. నువ్వు గీసిన బండి ముందుకు పోతుంది శేఖరా, సందులో వెనక్కి తిరగదు. మనం బండి గీసుకున్నది పోవడానికే గాని, తిరిగి రావడం మన ఇద్దరి బుర్రల్లోనూ లేదు.

తిరుమలమ్మ నా మీదికి వచ్చింది. హెల్మెట్ ఊడబెరికి, ఆ కరక్కాయ చేతుల్తో ఈ చెంపా ఆ చెంపా వాయించింది. తరువాత ఒక తడి గుడ్డ చింపి కొడుకు చేతికి కట్టింది, ఇంకో ముక్క నా చేతికి కట్టింది.

"తాగింది మీ నాయన కాదు, నా కొడుకే" అంది. "తప్పు ముసలాయన మీదికి తోసెయ్ రా అని నేర్పించింది నేనే. నీ నాయన పోయినాడు. వీని సేతి ఏళ్లు పోయినాయి. ఇంగ సాలు తల్లీ. నువ్వు ముందర పట్టు, ఎనక నేనెత్తుతా."

ఇద్దరం జరిపి జరిపి తిప్పాం. ఆ ముసలిది నా వెనకే సందు చివరిదాకా తోసింది.

జయచంద్ర ఆసుపత్రిలో ట్రాక్టర్ ట్రాలీ తలుపు పడి వేళ్లు తెగాయని చెప్పాడు. నా మీద కేసు లేదు. తాగింది తన కొడుకేనని నాయన కేసు వాయిదా రోజు కోర్టులో చెబుతానని తిరుమలమ్మ మాటిచ్చింది. నాయన తాగుబోతు కాదని జడ్జి ముందు పలకబోయే నోరు అదొక్కటే. నువ్వు కత్తి పట్టుకొని పోయిన మరుక్షణం ఆ నోరు మూతపడుతుంది.

అందుకని గొట్టం కోసి పారేశాను. మచ్చుకత్తిని మూడు ముక్కలు చేసి పాత ఇనుములో వేశాను. ఫోర్కు మాత్రం అంతే ఉంచాను, నీకు ఇష్టమని.

బండి తాళం మాత్రం ఇంట్లో లేదు. నిన్న బస్సులో పోయి తిరుమలమ్మ చేతిలో పెట్టి వచ్చాను. "దీన్ని నేనేం సేసుకునేదే?" అంది. "మా తమ్ముడు వస్తాడు. ఉత్త చేతుల్తో వచ్చి అడిగితేనే ఇయ్యమ్మా" అన్నాను. కొంగున ముడేసుకుంది. వస్తూ గోడ వైపు చూశాను, ఆ గుడ్డల మీద మరక పోలేదు.

వైరు కలిపి తోలుకుపోవడం నీకు చాతనవును, నాయన కొడుకువి. అలా తోలావంటే నన్ను ఇంకెప్పుడూ అక్కా అని పిలవొద్దు. లేదా ఆ సందులోకి నడిచి పో. ఆ అరుగు ముందు నిలబడు. "అమ్మా, తాళం" అని అడుగు.

ఇట్లు,
నువ్వు చిన్నప్పుడు చంకన ఎక్కి తిరిగిన నీ అక్క,
నిస్సీ